నాసా కనుక్కున్న "తప్పిపోయిన రోజు", ఇంకొన్ని అపోహలు

పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లోని ఒక తెలుగు సంఘంలో యవ్వనస్తుల బైబిల్ స్టడీ చూసుకుంటున్నాను. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో క్రైస్తవులమన్నవాళ్లు 59.3 శాతం, 2021లో 46.2. ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. మా పిల్లల కాలేజీల్లో దేవుణ్ణి నమ్ముతానంటే వింతగా చూస్తారు. ఇళ్లలో అమ్మానాన్నలకు టెన్షన్.

అపోహ: ప్రశ్నలు అడుగుతున్నారంటే విశ్వాసం సన్నగిల్లినట్టే.
వాస్తవం: 1 పేతురు 3:15 తీయండి. "హేతువు అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమంది. హేతువాది అనగానే ఉలిక్కిపడతాం గానీ, హేతువు మన బైబిల్లో మాటే. పక్కనే "సాత్వికముతోను భయముతోను" అని కూడా ఉంది. డిబేట్ వీడియోలు చేసేవాళ్లు ఆ ముక్క దాటేస్తారు.

అపోహ: బైబిల్లో ఏ పుస్తకాలుండాలో నైసియాలో జరిగిన చర్చి పెద్దల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ తేల్చాడు.
వాస్తవం: 325లో ఆ సభ ముఖ్యంగా చర్చించింది క్రీస్తు దైవత్వం గురించి. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో ఉంది.

అపోహ: బిగ్ బ్యాంగ్ నాస్తికుల సిద్ధాంతం.
వాస్తవం: దానికి పునాది వేసినవారిలో ఒకరు బెల్జియం కాథలిక్ ఫాదర్ జార్జ్ లెమైత్ర్. అలాగని దాన్ని ఆదికాండంలోని సృష్టి వృత్తాంతానికి రుజువుగా వాడుకోవడం ఆయనకే ఇష్టం లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న గెలీలియోకు 1633లో శిక్ష వేసింది చర్చే, అదీ పిల్లలకు చెప్పాలి.

అపోహ: మనకు అనుకూలంగా ఉంటే ఏ రుజువైనా పనికొస్తుంది.
వాస్తవం: అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. యెహోషువ ప్రార్థిస్తే సూర్యుడు దాదాపు ఒక రోజంతా ఆగాడని బైబిల్లో ఉంది; అలా లెక్కలో తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్లు పట్టుకున్నాయన్న కథ నాసాలో ఎప్పుడూ జరగలేదు. డార్విన్ చనిపోయేముందు తన పరిణామ సిద్ధాంతం గురించి పశ్చాత్తాపపడ్డాడన్నది కూడా కట్టుకథే, ఆయన కూతురే కొట్టిపారేసింది.

ఆ నాసా కథ నేనూ చెప్పాను. వాట్సాప్‌లో వచ్చింది, ప్రసంగాల్లో విన్నాను, అనుమానమే రాలేదు. రెండు నిమిషాల్లో వెనక వరుసలోని అమ్మాయి ఫోన్ చూసి, "అంకుల్, ఇది అబద్ధమట. మరి పునరుత్థానం గురించి మీరు చెప్పిందెలా నమ్మాలి?" అంది. నోట మాట రాలేదు. తర్వాతి ఆదివారం క్లాసులో క్షమాపణ చెప్పాను. అప్పట్నుంచి నా నోట్స్ ముందు ఆ అమ్మాయికే పంపుతున్నా. పోయినవారం రెండు పేరాలు కొట్టేసి పంపింది.