విజిల్ ఊదని మాష్టారు

విజయనగరంలో పొద్దున్న ఆరింటికి సిమెంటు కోర్టు మీద బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల్ని చూడ్డం నాకు అలవాటు. ఈ పిల్లలకైనా, జీతానికి ఆడే ప్రొఫెషనల్ జట్టుకైనా మంచి కోచ్ ఏం చేస్తాడా అని ఆలోచిస్తుంటాను. మొన్నొక కుర్రాడు ఫ్రీత్రో గీత దగ్గర నిలబడి నాలుగు బంతులు వేశాడు. నాలుగూ రింగు ముందంచుకి తగిలి కిందపడ్డాయి. పక్కనున్న మాష్టారు నోరు మెదపలేదు. అయిదోదీ అలాగే పోయాక అడిగారు: “ఏటైందిరా?”

“పొట్టిగా పడతంది మాష్టారూ.”

“ఎంచేత?”

వాడు కాసేపు కాళ్లకేసి చూసుకున్నాడు. “మోకాళ్లు వంచడం నేదు.”

ఆ సంగతి మాష్టారికి మొదటి బంతికే తెలుసు. అయినా ఆగారు. బంతి చేయి దాటేముందే అదెక్కడ పడాలో మెదడు ఒక అంచనా వేసుకుంటుంది, పడ్డాక పోల్చి చూసుకుంటుంది. ఆ తేడాలోంచే నేర్పు పుడుతుంది. ప్రతిసారీ బయటివాళ్లే తప్పు చెప్పేస్తుంటే పోల్చుకునే పని మెదడు మానేస్తుంది. 1984లో సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేసి తేల్చిందీ ఇదే: అడుగడుగునా సలహా అందినవాళ్లు సాధనలో బాగా చేస్తారు, సలహా ఆగిన రోజున తడబడతారు. బెండ్లు కట్టుకుని చెరువులో ఈదినవాడి సంగతే అది.

అలాగని కోచ్ నోరు కట్టేసుకోవాలా? జాన్ వుడెన్ కట్టుకోలేదు. 1964 నుంచి 1975 లోపు అమెరికాలోని యూసీఎల్ఏ అనే విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకి 10 జాతీయ టైటిళ్లు తెచ్చిన మనిషి. ఆయనది కాలేజీ జట్టే, ప్రొఫెషనల్ జట్టు కాదు. కానీ కోచ్ నోట్లోంచి ఏమేం వస్తాయో ఓపిగ్గా లెక్కపెట్టింది ఆయన దగ్గరే. గాలిమోర్, థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974-75 సీజన్లో సాధన చూస్తూ 2,326 మాటలూ చేష్టలూ రాసుకున్నారు. పొగడ్తలు తక్కువ, తిట్లూ తక్కువే. ఎక్కువ భాగం ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పే పొట్టి ముక్కలు. తప్పు దిద్దాలంటే సరైన పద్ధతి చేసి చూపడం, ఆటగాడు చేసిన వంకర చేసి చూపడం, మళ్లీ సరైనది చూపడం. అంతా అయిదు సెకన్ల పని. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరివాళ్లం, మనకిదేం వింత కాదు. గురువు సంగతి (పాటలో ఒక వరుసని మలిచి పాడే తీరు) పాడి, శిష్యుడి అపస్వరం పాడి వినిపించి, మళ్లీ సంగతి పాడతాడు.

ఎప్పుడు మాట్లాడాలన్నదే కాదు, సాధన ఎలా పెట్టాలన్నదీ కోచ్ చేతిలోదే. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలకి గింజల మూటలిచ్చి గురికి విసరమన్నారు. కొందరు మూడడుగుల దూరం నుంచే సాధన చేశారు, ఇంకొందరు రెండు, నాలుగు అడుగుల నుంచి. చివరి పరీక్ష మూడడుగుల నుంచి. గెలిచింది రెండోవాళ్లు! దూరానికి తగ్గ బలం ఎంతో వాళ్ల చేతికి తెలిసింది మరి.

ప్రొఫెషనల్ కోచ్‌ని ట్రోఫీలతో కొలవడం నాకు నచ్చదు. కోచ్‌గా ఫిల్ జాక్సన్‌వి 11 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టైటిళ్లు, నిజమే. జోర్డాన్, షాకీల్, కోబీ లాంటి మేటి ఆటగాళ్లు కూడా ఆయన జట్లలోనే ఉన్నారు కదా. నాకు గుర్తుండేది 2018 ఫిబ్రవరిలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు కోచ్ స్టీవ్ కెర్ (పైన చెప్పిన పరిశోధకుడు కాదు) చేసిన పని. ఫీనిక్స్ జట్టుతో ఆటలో టైమౌట్ (ఆట మధ్య చిన్న విరామం) వచ్చినప్పుడల్లా ఎత్తుగడలు గీసే బోర్డు ఆటగాళ్ల చేతికిచ్చి తను పక్కకి జరిగాడు. ఇగ్వోడాలా, గ్రీన్ లాంటివాళ్లే గీతలు గీసుకున్నారు. 129-83తో గెలిచారు. ఎదటి జట్టు బలహీనమైంది కాబట్టే అంత ధైర్యం చేశాడేమో, ఫైనల్లో ఎవరూ చేయరు.

మన కుర్రాడి ఆరో బంతి వెనక బోర్డుకి కొట్టుకుని ఎగిరిపోయింది. మాష్టారు ఇంకా అడగనేలేదు, “ఎక్కువైపోనాది” అని గొణుక్కుంటూ వాడు బంతి వెనక పరిగెత్తాడు.