కార్టిసాల్ రిపోర్టు చూసి హడలిపోతున్నారా? అపోహలు - వాస్తవాలు

"సార్, మా పాపకి స్ట్రెస్ హార్మోన్ ఎక్కువుందంట. పరుగు మాన్పించేయమంటారా?" ఈ మాట వినని వారం నాకు లేదు. నెల్లూరులో కానిస్టేబుల్ ఈవెంట్లకి తయారయ్యే పిల్లలు, ఒంగోలు వైపు నుంచి వచ్చే కబడ్డీ ఆటగాళ్లు, అందరి చేతిలో అదే కాగితం. ఆ స్ట్రెస్ హార్మోన్ పేరే కార్టిసాల్. దాని అంకె పక్కన 'హై' అని ఉంటే చాలు, ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

అపోహ: కార్టిసాల్ ఎక్కువ వచ్చిందంటే జబ్బే.

వాస్తవం: కాదు. రక్తం ఎన్నింటికి తీశారు, అంతకుముందు ఏం చేస్తున్నారు, ఈ రెండూ తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకి బాగా పెరుగుతుంది, అర్ధరాత్రికి అట్టడుక్కి పోతుంది. చాలా ల్యాబుల్లో ఉదయం 8 గంటల రేంజి డెసిలీటరుకి సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు. సాయంత్రానికి అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

దీనికి వ్యాయామం తోడైతే లెక్కే మారిపోతుంది. మెల్లగా నడిస్తే పెద్దగా కదలదు. వీఓటూ మ్యాక్స్‌లో, అంటే ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్‌లో, 60 శాతం దాటి పరిగెత్తితే పెరుగుతుంది, పెరగాలి కూడా. కండరాలకు ఇంధనం అందించడం దాని పని. పైగా గరిష్ఠ స్థాయి ట్రెడ్‌మిల్ మీద ఉండగా కాదు, దిగిన 15 నుంచి 30 నిమిషాల తర్వాత వస్తుంది. పరుగు ఆపగానే గుండె వేగం చూసి గుండెజబ్బు అనేస్తామా? గట్టి పరుగు తర్వాత కూడా కార్టిసాల్ కదలకపోతేనే నేను నిద్ర గురించి, తిండి గురించి, ప్రాక్టీసు గురించి గుచ్చి గుచ్చి అడుగుతాను.

కావలి దగ్గర పల్లె నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. సెలెక్షన్ల ముందు ప్రాక్టీసు మాన్పించి, 'కార్టిసాల్ తగ్గించే' పొడి డబ్బాలు కొనిపెట్టాడు. రిపోర్టు మూలన చిన్న అక్షరాల్లో శాంపిల్ తీసిన టైము ఉంది: ఉదయం 8.10. "పరుగు ఎప్పుడు ఆపావమ్మా?" అన్నాను. "ఏడున్నరకి ఇంటర్వెల్ పరుగులు అయిపోయినాయి సార్. బూట్లతోనే పోయి రక్తం ఇచ్చొచ్చా." విశ్రాంతి రోజున మళ్లీ తీయిస్తే మామూలుగానే వచ్చింది. ఆ తండ్రి ముఖం తేటపడడం చూసి సంతోషమే, కానీ ఆ పొడి అంటగట్టినవాళ్ల మీద ఇప్పటికీ నాకు కోపం పోలేదు.

నిజంగా కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ ఎక్కువై వచ్చే జబ్బు) అనుమానముంటే, అంటే పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు, తొడల్లో బలహీనత ఉంటే, ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, చేయించే పరీక్షలు వేరు: రాత్రి పొద్దుపోయాక లాలాజలం, 24 గంటల మూత్రం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చేసే పరీక్ష.

అపోహ: ఎక్కడ, ఎలా తీసినా రక్తం రక్తమే.

వాస్తవం: సూది భయమే కార్టిసాల్‌ని పెంచుతుంది. అందుకే ముందే కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి, అరగంట ప్రశాంతంగా కూర్చోబెట్టి మొదటి శాంపిల్ తీస్తాం. చెమట పోతే రక్తం చిక్కబడి అంకె పెరుగుతుంది. వేడి కూడా పెంచుతుంది. మన మే నెల ఎండల్లో పరీక్ష చేసి డిసెంబరు అంకెతో పోల్చకూడదు.

అపోహ: లాలాజలం పరీక్ష ఉత్తిదే.

వాస్తవం: మంచి పరీక్షే. అరగంట ముందు నుంచి తినొద్దు, బ్రష్ చేయొద్దు. చిగుళ్ల రక్తం కలిస్తే శాంపిల్ పాడవుతుంది.

అపోహ: అడ్రినలిన్ కూడా చూపించుకుంటే మేలు.

వాస్తవం: అది రక్తంలో నిమిషాల్లో కరిగిపోతుంది. వెంటనే ఐసులో పెట్టి వేరుచేసే ఏర్పాటు లేకపోతే డబ్బు దండగ.

'అడ్రినల్ ఫెటీగ్', అంటే అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయనే జబ్బు, వైద్యంలో లేదు. అక్కడితో వదిలేద్దాం.

అపోహ: వాడే మందులకీ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: జుట్టు కోసం మింగే బయోటిన్ కొన్ని పరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చాలా యంత్రాలకు కార్టిసాల్ లాగే కనబడుతుంది. డెక్సామెథసోన్ మీ సొంత కార్టిసాల్‌ని అణిచేస్తుంది. స్టెరాయిడ్ బిళ్లలు చాన్నాళ్లుగా వాడుతుంటే రిపోర్టు చూసి టక్కున ఆపేయకండి, ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి. మోకాలి నొప్పికి వేయించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 2022 జనవరి 1 నుంచి పోటీల సమయంలో 'వాడా' (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధంలో ఉన్నాయి. పరీక్షకొచ్చేటప్పుడు ఆ చీటీలన్నీ వెంట తెచ్చుకోండి.