జర్మనీలో విద్యార్థి జీవితం: అపోహలు - వాస్తవాలు

వీసా చేతికి వచ్చేదాకా ప్రతి కాగితాన్నీ పదిసార్లు సరిచూసుకునేవాళ్లు, జర్మనీలో దిగాక మాత్రం "ఏం కాదులే అని సీనియర్లు అన్నారు" అనే ఒక్క మాట మీద నడిచిపోతుంటారు. దెబ్బ తగిలేది అక్కడే. జర్మన్ ఆఫీసులు ఫోన్ చేసి గుర్తు చేయవు. ఉత్తరం పంపుతాయి, అందులో గడువు వేస్తాయి. మీరు కవరు విప్పినా విప్పకపోయినా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది.

అపోహ: అద్దె అగ్రిమెంట్ ఉంది కదా, అడ్రస్ రిజిస్ట్రేషన్ తీరిగ్గా చేయించుకోవచ్చు.

వాస్తవం: ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు అన్‌మెల్డుంగ్, అంటే ఈ అడ్రస్ రిజిస్ట్రేషన్, చేయించుకోవాలని చట్టం చెబుతోంది. అగ్రిమెంట్ ఒక్కటే సరిపోదు. మీరు ఫలానా తేదీ నుంచి ఆ ఇంట్లో ఉంటున్నారని ఓనర్ సంతకం చేసిచ్చే వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ కావాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, అందుకే ఇల్లు ఖాయం కాగానే బుక్ చేయండి. గడువు దాటాకే తేదీ దొరికితే ఆ బుకింగ్ మెయిల్ దాచిపెట్టుకోండి. "రూమ్ ఇస్తా గానీ అన్‌మెల్డుంగ్ కుదరదు" అనే ఓనర్ దగ్గర ఎంత చవకైనా చేరకండి. రెసిడెన్స్ పర్మిట్, పన్ను నంబర్, చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంకోటి, చిన్న విషయమే గానీ చాలామందిని ఏడిపించేది: లెటర్‌బాక్స్ మీద పేరు. అక్కడి అడ్రస్‌లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్ ఉండదు. డబ్బా మీది పేరు చూసే ఉత్తరం వేస్తారు, పేరు కనిపించకపోతే వెనక్కి పంపేస్తారు. 11 అంకెల పన్ను నంబర్, బ్యాంకు కార్డు, దాని పిన్, ఇన్సూరెన్స్ కార్డు చాలావరకు వచ్చేది పోస్టులోనే. దిగిన రోజే, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో అదే స్పెల్లింగ్‌తో స్టిక్కర్ రాసి, ఓనర్‌కి చెప్పి, డబ్బాకీ కాలింగ్ బెల్‌కీ అంటించండి.

అపోహ: బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బుంది, మొదటి నెల దానితోనే గడిచిపోతుంది.

వాస్తవం: 2024 సెప్టెంబరు నుంచి వీసాకు ఏడాదికి చూపాల్సిన మొత్తం 11,904 యూరోలు. అది నెలకు 992 చొప్పునే బయటికొస్తుంది. అది కూడా అకౌంట్ యాక్టివేట్ అయి, మామూలు ఖాతా తెరిచాకే. ఈలోపు ఇంటి డిపాజిట్ వచ్చి పడుతుంది. మూడు నెలల కాల్ట్‌మీటే, అంటే హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని వట్టి అద్దె దాకా ఓనర్ అడగొచ్చు. దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు చట్టం మీకిచ్చింది. ఈ సంగతి తెలియక ఒకేసారి కట్టేసి చేతులు ఖాళీ చేసుకోకండి. ఇక ఇల్లు చూపించకుండానే డిపాజిట్ పంపమని, తాళాలు పోస్టులో వస్తాయని చెప్పేవాళ్లకు పైసా కూడా పంపొద్దు. అది పాత మోసమే.

అపోహ: టీవీ లేదు కాబట్టి టీవీ ఫీజు కట్టక్కర్లేదు.

వాస్తవం: రుండ్‌ఫుంక్‌బైట్రాగ్ అనే ఈ ఫీజు టీవీని బట్టి కాదు, ఇంటిని బట్టి పడుతుంది. 2021 ఆగస్టులో దీన్ని నెలకు 18.36 యూరోలు చేశారు. ఇంట్లో ఎందరున్నా ఒకటే ఫీజు, కాబట్టి ఒకరు కట్టి, మిగతావాళ్లు ఆ ఫీజు ఖాతా నంబర్ రాసి పంపితే సరిపోతుంది. ఉత్తరం చించేస్తే బకాయి పోదు, అపరాధ రుసుముతో పెరుగుతుంది.

అపోహ: టొరెంట్‌లో ఒక సినిమా దించుకుంటే ఎవరు పట్టించుకుంటారు?

వాస్తవం: పట్టించుకోవడమే పనిగా పెట్టుకున్న లాయర్ ఆఫీసులు అక్కడున్నాయి. మీరు ఫైలు దించుకుంటున్నప్పుడే మీ ల్యాప్‌టాప్ దాని ముక్కల్ని ఇతరులకు పంపుతూ ఉంటుంది. వాళ్లు పట్టుకునేది ఈ పంపడాన్నే. ఐపీ అడ్రస్ నమోదు చేసి, కనెక్షన్ ఎవరి పేరున ఉందో కోర్టు ద్వారా ఇంటర్నెట్ కంపెనీ నుంచి రాబడతారు. ఆ తర్వాత ఆబ్‌మానుంగ్ అనే లాయర్ నోటీసు వస్తుంది: వందల యూరోలు కట్టాలి, మళ్లీ చేయనని హామీపత్రం మీద సంతకం పెట్టాలి, అదీ కొద్ది రోజుల్లోనే. కనెక్షన్ రూమ్మేట్ పేరున ఉంటే ఉత్తరం ఆ పాపం ఎరగని మనిషికి పోతుంది. కంగారుపడి వాళ్లు పంపిన హామీపత్రం మీద అలాగే సంతకం పెట్టొద్దు, అది ఏళ్ల తరబడి మిమ్మల్ని కట్టేస్తుంది. అలాగని పక్కన పడేయొద్దు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాలు న్యాయ సలహా ఇప్పిస్తాయి, గడువులోపు అక్కడికి వెళ్లండి. అన్నిటికంటే ముందు, పాత ల్యాప్‌టాప్‌లో టొరెంట్ యాప్ ఉంటే విమానం ఎక్కేముందే తీసేయండి. సిస్టమ్ ఆన్ చేయగానే దానంతటదే మొదలై ఎప్పటివో ఫైళ్లు పంచుతూ కూర్చుంటుంది.

అపోహ: క్లాసులకు వెళ్తున్నాం కదా, పరీక్ష రోజు వెళ్లి రాస్తే చాలు. పోతే సప్లీ ఉండనే ఉంది.

వాస్తవం: మనవాళ్లు చాలా ఖరీదు చెల్లించే అపోహ ఇదే. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. ఆన్‌లైన్ పోర్టల్‌లో గడువులోపు నమోదు కాకపోతే ఆ పరీక్ష రాయలేరు. మార్కులూ మనకు తలకిందులే: 1.0 అన్నిటికంటే మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. చాలా యూనివర్సిటీల్లో ఒక్కో పరీక్షకు మూడు ప్రయత్నాలే ఇస్తారు. తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారీ పోతే సీటే పోతుంది, జర్మనీలో ఇంకోచోట అదే కోర్సులో చేరే దారీ చాలావరకు మూసుకుపోతుంది. రెసిడెన్స్ పర్మిట్ ఆ సీటు మీదే నిలబడి ఉందని మర్చిపోవద్దు. సిద్ధంగా లేకపోతే గడువులోపే పేరు వెనక్కి తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. పరీక్ష రోజు జ్వరమొస్తే అదే రోజు డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని పరీక్షల విభాగానికి పంపాలి. ఊరికే మానేస్తే 5.0 పడి, ఒక ప్రయత్నం ఖర్చయిపోతుంది. నియమాలన్నీ మీ కోర్సు ప్రూఫుంగ్స్‌ఓర్డ్‌నుంగ్‌లో ఉంటాయి. మొదటి వారంలోనే దాన్ని చదవండి.

అపోహ: డబ్బు చేతికి తీసుకుంటే ఎన్ని గంటలు పనిచేసినా ఎవరికీ తెలియదు.

వాస్తవం: 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అనుమతి ఉంది. నాలుగు గంటల్లోపు పని సగం రోజు కింద లెక్క. యూనివర్సిటీలో విద్యార్థి సహాయకులుగా చేసే హివి ఉద్యోగం ఈ లెక్కలోకి రాదు. ఇది కాక, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటితే హెల్త్ ఇన్సూరెన్స్ లెక్కల్లో విద్యార్థి హోదా పోవచ్చు. ఫ్రీలాన్స్ పనికి విడిగా అనుమతి కావాలి. లెక్కలో లేని పని చేస్తూ చెయ్యి విరిగితే, ముందు కాదనేది పని ఇచ్చినవాడే. మీ గంటల లెక్క మీరే రాసిపెట్టుకోండి.

అపోహ: చదువు పూర్తిగా ఉచితం.

వాస్తవం: ప్రతి సెమిస్టర్‌కీ సెమెస్టర్‌బైట్రాగ్ అనే రుసుము కట్టాలి, మర్చిపోతే పేరు కొట్టేస్తారు. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మనవాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు కూడా ఉంది.

అపోహ: దేశం వదిలేస్తే ఫోన్, జిమ్ ఒప్పందాలు వాటంతటవే ఆగిపోతాయి.

వాస్తవం: ఆగవు, రాతపూర్వకంగా రద్దు చేయాలి. 2022 మార్చి 1 తర్వాత కుదిరిన ఒప్పందాలైతే, మొదటి కాలవ్యవధి ముగిశాక ఒక నెల నోటీసుతో బయటపడొచ్చు. ఆ మొదటి వ్యవధి రెండేళ్ల దాకా ఉండొచ్చు కాబట్టి సంతకానికి ముందే చూసుకోండి. వెళ్లడానికి ఒక వారం ముందు నుంచి, వెళ్లిన రెండు వారాల్లోపు ఆబ్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్ రద్దు, చేయాలి. బ్యాంకు ఖాతా మాత్రం అన్నిటికంటే చివర్లో మూసేయండి. హీటింగ్ లెక్కలు తేలేదాకా ఓనర్ డిపాజిట్‌లో కొంత భాగాన్ని నెలల తరబడి ఆపొచ్చు, ఆ డబ్బు వచ్చి పడాల్సింది ఆ ఖాతాలోనే.