మోకు మిగిల్చిన మాంసం

ఫాలున్ గనిలో ముడిరాయి పైకి రావాలంటే ముందు ఎద్దు చావాలి. స్వీడన్‌లోని ఈ రాగి గని 17వ శతాబ్దంలో ఒక దశలో ఐరోపా రాగి అవసరాల్లో దాదాపు మూడింట రెండు వంతులు తీర్చింది. రాయిని లోతుల్లోంచి లాగే మోకులను ఎద్దు తోళ్లతో పేనేవారు. కపిల బావికి తోలు తొండం కట్టిన రైతుకు ఆ తోలు బలమెంతో చెప్పనక్కర్లేదు.

తోలు మోకులకు పోయింది. మరి గుట్టలుగా మిగిలిన మాంసం? ఉప్పేసి, పొగబెట్టి దాచారు. కొంత నూరి పేగుల్లో కూరారు. ఆ విద్య జర్మన్ గని పనివాళ్లు తెచ్చిందేనంటారు. అలా పుట్టిందే ఫాలుకోర్వ్. కోర్వ్ అంటే సాసేజ్.

ఇప్పటి ఫాలుకోర్వ్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం, ఉల్లి, బంగాళదుంప పిండి ఉంటాయి. దాని నునుపుకి అసలు కారణం ఉప్పు. అది కండలోని మయోసిన్ అనే ప్రోటీన్‌ను కరిగించి బయటికి లాగుతుంది. జిగురుగా మారిన ఆ ప్రోటీన్ కొవ్వు బిందువులను చుట్టేస్తుంది, వేడి తగలగానే గట్టిపడి నీటినీ పట్టి ఉంచుతుంది. గంజి చిక్కబడ్డట్టు దుంపపిండి కూడా ఉబ్బి మిగతా నీటిని పీల్చుకుంటుంది. రుబ్బేటప్పుడు వేడెక్కితే కొవ్వు కరిగి అంతా విరిగిపోతుంది, అందుకే మంచు కలుపుతారు. లేత గులాబీ రంగు మాంసంలో కలిపే నైట్రైట్ అనే లవణం చలవ. బోట్యులిజం కలిగించే బ్యాక్టీరియాను అణచేదీ అదే. ఆ జబ్బు పేరే లాటిన్‌లో సాసేజ్‌కున్న పేరులోంచి వచ్చింది!

నన్నడిగితే రుచిలో స్వీడన్‌లోనే స్మోలాండ్ ప్రాంతపు ఇస్టర్‌బాండ్ అనే సాసేజ్‌దే పైచేయి. పందిమాంసం, బార్లీ నూకలు, బంగాళదుంప కలిపి కూరి, పులియబెట్టి, పొగబెడతారు. ఇడ్లీ పిండిని పులిపించే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా బంధువులే ఇక్కడా పనిచేస్తాయి. వాటి పులుపుకి చెడు సూక్ష్మజీవులు నిలవలేవు. దీన్ని సోయాకూర (డిల్ ఆకు) వేసిన పాల దుంపకూరతో తింటారు.

ఫాలున్ గని 1992లో మూతపడింది. 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అదే ఏడాది ఐరోపా సమాఖ్య ఫాలుకోర్వ్ తయారీ పద్ధతికి రక్షణ ఇచ్చింది. ఆ పేరు పెట్టాలంటే పద్ధతి పాటించాలి, ఫాలున్‌లోనే చేయాలని మాత్రం లేదు. స్వీడన్ ఇళ్లలో దాన్ని సన్నగా తరిగి, టమాటా, క్రీమ్‌తో ఉడికించి అన్నంలో కలుపుకుంటారు. చాలావాటికి ఇప్పుడు ఎర్రటి ప్లాస్టిక్ తొడుగే, కోసేముందు ఒలిచి పారేస్తారు.