ఒక వికీ నుంచి ఇంకో వికీకి: బుక్‌మార్క్‌లెట్లపై అపోహలు, వాస్తవాలు

జెరెమీ రస్టన్ 2004లో విడుదల చేసిన టిడ్లీవికీ నోట్సు రాసుకునే సాధనం. అది మొత్తం ఒకే ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఇమిడిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఎక్కడైనా తెరవొచ్చు. అందులో ఒక్కో నోటును టిడ్లర్ అంటారు. దీన్ని వాడే వాళ్లకు ఒక వికీతో సరిపోదు: ఆఫీసుకు ఒకటి, చదువుకు ఒకటి, ఇంటి వంటలకు ఇంకొకటి పుట్టుకొస్తాయి. వాటి మధ్య టిడ్లర్లు చేరవేయడానికి చాలామంది బుక్‌మార్క్‌లెట్ వాడతారు. వెబ్ చిరునామా ఉండవలసిన చోట చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం పెట్టుకున్న బుక్‌మార్కునే అలా పిలుస్తారు. ఇలాంటివి రాయడం, ఇతరులు రాసినవి తెలుగు నోట్సుకు పనికొచ్చేలా సరిచేయడం నా పని. ఆ పనిలో పదేపదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: నోటు అంటే అందులో రాసిందే. కాపీ, పేస్ట్ చేస్తే చాలు, దీనికో ప్రోగ్రాం ఎందుకు?

రాసింది టిడ్లర్‌లో ఒక ఫీల్డు మాత్రమే. శీర్షిక, ట్యాగులు, పుట్టిన సమయం, మార్చిన సమయం, రకం, మీరే కల్పించుకున్న ఇతర ఫీల్డులు దాని పక్కనే ఉంటాయి. చేత్తో పేస్ట్ చేసిన క్షణంలో ఆ నోటు ఈ రోజే పుట్టినట్టు లెక్క. పదేళ్ల డైరీని అలా తరలిస్తే పదేళ్లూ ఒక్క మధ్యాహ్నంలోకి వచ్చి కూర్చుంటాయి.

సమయం విషయంలో మన దేశంలో వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. టిడ్లీవికీ సమయాన్ని 17 అంకెల వరుసగా, అదీ యూటీసీలో (మన సమయానికి అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) రాసుకుంటుంది. మార్చి 6వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు మీరు రాసిన నోటు లోపల 20240305213000000 అని ఉంటుంది. తెర మీద చూపేటప్పుడు వికీ అయిదున్నర గంటలు కలిపి సరిగ్గానే చూపిస్తుంది. కానీ తేదీవారీ జాబితా కోసం మొదటి ఎనిమిది అంకెలు కత్తిరించే బుక్‌మార్క్‌లెట్లు ఉన్నాయి. వాటి దృష్టిలో ఆ నోటు 5వ తేదీది. తెల్లారగట్ల రాసే అలవాటున్న వాళ్ల డైరీలు ఇలా ఒక రోజు వెనక్కి జరిగిపోతాయి. తప్పు వికీది కాదు, కత్తిరించినవాళ్లది.

అపోహ: అదే శీర్షికతో నోటు ముందే ఉంటే వికీ చూసుకుంటుంది.

చూసుకోదు. ఒక వికీలో ఒక శీర్షికకు ఒకే టిడ్లర్. కొత్తది వస్తే పాతది పోతుంది. ఒక వికీ నుంచి మరో వికీకి మౌసుతో లాగి వదిలితే దిగుమతి జాబితా ఒకటి తెరుచుకుని, ఏది దేని మీద పడబోతోందో హెచ్చరిస్తుంది, మీరు టిక్కు తీసేయవచ్చు. బుక్‌మార్క్‌లెట్ మాత్రం ఆ జాబితాను దాటేసి టిడ్లర్‌ను నేరుగా వికీలోకి చేర్చగలదు. రాసినవాళ్లు అడ్డు పెట్టకపోతే ఏ హెచ్చరికా రాదు. కాబట్టి ఏ బుక్‌మార్క్‌లెట్‌లోనైనా నేను ముందుగా వెతికేది ఒకటే: చేర్చేముందు ఆ శీర్షిక ఉందో లేదో అడుగుతోందా?

తెలుగు శీర్షికల్లో దీనికి తలకిందులైన సమస్య ఉంది. ఒకేలా కనబడే రెండు శీర్షికలు వికీకి వేరువేరు కావచ్చు. ఐత్వం సంగతే చూడండి. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనూ గుర్తించే ప్రామాణిక పద్ధతి) దాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో చిన్న గుర్తు చేర్చి రెండుగానూ రాయవచ్చు. కంటికి ఏమీ తేడా ఉండదు, పోల్చి చూసే ప్రోగ్రాముకు మాత్రం అవి రెండు పేర్లు. రెండో దొంగ పొల్లు తర్వాత వచ్చే కనబడని గుర్తు. 'ఫైర్‌ఫాక్స్' అన్న మాటలో రకారం కింద ఫకారం ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర కూడా వదిలేస్తాయి. అప్పుడు 'టిఫిన్' పేరుతో వికీలో రెండు టిడ్లర్లు పక్కపక్కనే కూర్చుంటాయి, ఒకదానికి వేసిన లింకు రెండోదానికి వెళ్లదు.

జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఐత్వం గొడవను తీరుస్తుంది. కనబడని గుర్తును అది ముట్టుకోదు. పోనీ అని ఆ గుర్తును అంతటా తుడిచేస్తే మాట మధ్యలో ఒత్తులు పుట్టి రాత పాడవుతుంది. మాట చివర ఉన్నప్పుడే తీయాలి. తెలుగు నోట్సు తరలించే ప్రతి బుక్‌మార్క్‌లెట్‌లో ఈ రెండు పనులూ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఒక్క క్లిక్కుతో ఈ ట్యాబ్‌లోది ఆ ట్యాబ్‌లోకి వెళ్లిపోతుంది.

బుక్‌మార్క్‌లెట్ మీరు చూస్తున్న పేజీలోనే పనిచేస్తుంది. వేరే చోటి నుంచి తెరిచిన పక్క ట్యాబ్‌లోకి చెయ్యి పెట్టడానికి బ్రౌజర్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఏ పేజీ అయినా మీ బ్యాంకు పేజీని చదివేస్తుంది. అందుకే సాధారణంగా రెండు అడుగులు ఉంటాయి: మొదటి వికీలో నొక్కి టిడ్లర్లను జేసన్ అనే, ప్రోగ్రాములు చదవగలిగే రూపంలో క్లిప్‌బోర్డులోకి ఎత్తుకోవడం, రెండో వికీలో నొక్కి దింపుకోవడం.

కొందరు ఈ రెండో అడుగు తప్పించాలని నోటు మొత్తాన్ని వెబ్ చిరునామా చివర తగిలించి పంపుతారు. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలకు అది బాగానే నడుస్తుంది. తెలుగులో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8లో (యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు మూడు అక్షరాలు. గుణింతపు గుర్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి 'తెలుగు' అన్న చిన్న మాటే చిరునామాలో 54 అక్షరాలవుతుంది. రెండు పేరాలయ్యేసరికి చిరునామా తెగిపోయే ప్రమాదం ఉంది. బేస్64గా (బైట్లను మామూలు ఇంగ్లిష్ అక్షరాలుగా, అంకెలుగా రాసే పద్ధతి) మార్చి పంపుదామంటే, బ్రౌజర్‌లో అందుకోసం ఉన్న పాత ఫంక్షన్ తెలుగు అక్షరం తగలగానే తప్పు చూపించి ఆగిపోతుంది. ముందు యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి, తర్వాత బేస్64 చేయాలి. 'మీ బుక్‌మార్క్‌లెట్ ఇంగ్లిష్ నోట్లకే పనిచేస్తోంది' అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది.

అపోహ: వికీ రాత ఎక్కడైనా ఒకటే.

[[ఆవకాయ|పచ్చళ్లు]] అని రాశారనుకోండి. టిడ్లీవికీలో తెర మీద 'ఆవకాయ' కనబడుతుంది, నొక్కితే 'పచ్చళ్లు' తెరుచుకుంటుంది. మీడియావికీ, డోకువికీ అనే ఇతర వికీ ప్రోగ్రాముల్లో సరిగ్గా తిరగబడుతుంది. మీడియావికీలో మాటకు రెండు వైపులా రెండేసి కొటేషన్ గుర్తులు పెడితే వాలు అక్షరాలు, టిడ్లీవికీలో అవే మందపాటి అక్షరాలు. వీటిని మార్చకుండా తెచ్చుకుంటే పేజీ చూడటానికి బాగానే ఉంటుంది, లింకులు మాత్రం లేని పేజీలకు దారి చూపిస్తాయి.

అపోహ: ఎక్స్‌టెన్షన్ కాదు, ఉత్త బుక్‌మార్కే కదా, భయం లేదు.

ఉత్త బుక్‌మార్కు కాదు. నొక్కిన పేజీలో మీరు చూడగలిగినదంతా అది చూడగలదు, బయటికి పంపనూ గలదు. టిడ్లీవికీకి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, ఫైలు ఎన్‌క్రిప్ట్ అవుతుంది. కానీ మీరు పాస్‌వర్డ్ కొట్టి తెరిచాక నోట్లన్నీ పేజీలో మామూలు అక్షరాలే. అప్పుడు నొక్కిన బుక్‌మార్క్‌లెట్‌కు తాళం అడ్డు కాదు. జావాస్క్రిప్ట్‌తో మొదలయ్యే చిరునామాను అడ్రస్ బార్‌లో పేస్ట్ చేస్తే బ్రౌజర్లు ఆ మొదటి మాటను తీసేసేది ఈ ప్రమాదం వల్లనే. ఎవరో ఇచ్చినదాన్ని వాడేముందు ఎడిట్ నొక్కి చదవండి. తెలియని వెబ్ చిరునామా అందులో ఎక్కడైనా ఉంటే, అది ఎందుకుందో తెలిసేవరకు ముట్టుకోకండి.

అపోహ: తెర మీద కనబడింది కాబట్టి వచ్చేసినట్టే.

బ్రౌజర్ మెమరీలోకి వచ్చింది, అంతే. ఒకే ఫైలుగా ఉండే వికీలో సేవ్ చేసేవరకు ఫైలులో ఏమీ మారదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక టిడ్లీఫాక్స్ అనే సేవ్ ఎక్స్‌టెన్షన్ పనిచేయడం మానేసింది. అప్పటినుంచి ఎవరి సేవ్ పద్ధతి వారిది. మీది ఏదైనా సరే, తరలించాక సేవ్ చేసి, ట్యాబ్ మూసి, ఫైలు మళ్లీ తెరిచి చూడండి.

అపోహ: తరలిస్తే పాత వికీలో పోతుంది.

పోదు. బుక్‌మార్క్‌లెట్లు దాదాపు ఎప్పుడూ కాపీయే చేస్తాయి. అలా చేయడమే మంచిది కూడా, ఎందుకంటే నోటు వచ్చినా దానికి కావలసినవన్నీ రాకపోవచ్చు. ట్యాగు పేరు వస్తుంది, ఆ ట్యాగుకు మీరిచ్చిన రంగు వేరే టిడ్లర్‌లో ఉంటుంది కాబట్టి రాదు. నోటులో చూపించిన బొమ్మ వేరే టిడ్లర్ అయితే అదీ రాదు. ఇవన్నీ సరిచూసుకున్నాకే పాతదాన్ని తీసేయాలి.

కొంతకాలం రెండు చోట్లా ఉంచుకునేవాళ్ల కోసం నేను రాసే వాటిలో 'మూలం' అని ఒక ఫీల్డు అదనంగా చేరుస్తాను. ఏ వికీ నుంచి వచ్చింది, ఏ రోజు వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. పాతచోట మార్చిన సమయం ఆ రోజు తర్వాతిదైతే, రెండు ప్రతులనూ పక్కపక్కన తెరిచి చేత్తోనే కలపాలి. ఆ పని మాత్రం ఏ బుక్‌మార్క్‌లెట్‌కూ అప్పగించను.