ఇంటి స్నూస్: ఉడికిస్తే పోయేవి, పోనివి (అపోహలు - వాస్తవాలు)

స్వీడన్‌లో ఏ కిరాణా దుకాణానికి వెళ్లినా డబ్బు కట్టే చోట ఒక చిన్న ఫ్రిజ్, అందులో గుండ్రటి డబ్బాలు కనిపిస్తాయి. అవి స్నూస్ డబ్బాలు. మెత్తగా విసిరిన పొగాకును ఉప్పు, నీళ్లతో వేడిమీద మగ్గబెట్టి, సోడా (వంటసోడా కాదు, సోడియం కార్బోనేట్) కలిపి, తడిగానే పైపెదవి కింద పెట్టుకొనే పదార్థం అది. పొగాకు పిండి కొనుక్కొని దీన్ని ఇంట్లోనే చేసుకొనేవారు కూడా ఇక్కడ ఉన్నారు. పిండి, ఉప్పు, సోడా కలిపి అమ్మే పొట్లాలు చట్టబద్ధంగానే దొరుకుతాయి. నేను పెరిగింది జంగారెడ్డిగూడెం దగ్గర, పొగాకు ఆరబెట్టే కొట్ల, అంటే బ్యారన్ల, మధ్య. ఇప్పుడు గోథెన్‌బర్గ్‌లో ఆహారపదార్థాల్లో సూక్ష్మజీవులను పరీక్షించే ఉద్యోగం చేస్తూ, తొమ్మిదేళ్లుగా నా స్నూస్ నేనే చేసుకొంటున్నాను. ఈ అలవాటు లేనివారికి నా సలహా ఒక్కటే, దీని జోలికి రావద్దు. అయితే అలవాటు ఉన్నవారు, చేసుకోవాలనుకొనేవారు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని పొరపాటు నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి కాబట్టి, వాటిని ఒకచోట చెప్పడం అవసరమనిపించింది.

అపోహ: స్నూస్ అంటే మన ముక్కుపొడే, లేదా ఖైనీయే.

ముక్కుపొడి పొడిగా ఉంటుంది, ముక్కుతో పీలుస్తారు. స్నూస్‌లో దాదాపు సగం నీరే. ఖైనీలో పొగాకుకు సున్నం కలిపి అరచేతిలో నలిపి పెట్టుకొంటారు. స్నూస్‌లో సున్నం బదులు సోడియం కార్బోనేట్ ఉంటుంది. సున్నమైనా సోడా అయినా చేసే పని ఒకటే కాబట్టి ఆ రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. అసలు తేడా వేడి దగ్గర ఉంది. పొగాకు లేకుండా నికోటిన్ మాత్రమే ఉండే తెల్లటి పొట్లాలు ఇంకో జాతి, వాటి సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

అపోహ: స్నూస్‌ను ఇడ్లీ పిండిలా పులియబెట్టాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పూర్వం స్వీడన్‌లోనూ తడి పొగాకును నెలల తరబడి పులియబెట్టేవారు. 1822లో స్టాక్‌హోమ్ వ్యాపారి యాకోబ్ ఫ్రెడ్రిక్ యుంగ్లోఫ్ 'ఎట్టాన్' పేరుతో తన స్నూస్‌ను తెచ్చిన తరువాత, వేడితో పనిని రోజుల్లోకి కుదించే పద్ధతి స్థిరపడింది. నేటి స్వీడిష్ స్నూస్ పులిసిన పదార్థం కాదు. పాలను పాశ్చరైజ్ చేసినట్లు వేడితో సూక్ష్మజీవులను అణచిన పదార్థం. ఇంట్లో మనం చేసేది కూడా అదే: పిండి, ఉప్పు, నీళ్లు కలిపిన ముద్దను మూత బిగించిన గాజుసీసాలో పెట్టి, 75 నుంచి 80 డిగ్రీల దగ్గర ఒక రోజుకు తక్కువ కాకుండా ఉంచడం.

ఇడ్లీ పిండిలో లాక్టిక్ ఆమ్లం పుట్టి పిండి పుల్లబడుతుంది, ఆ పులుపే చెడు సూక్ష్మజీవులను దగ్గరకు రానివ్వదు. తడి పొగాకును గోరువెచ్చగా వదిలేస్తే ఆ రక్షణ దొరకదు. పొగాకులో సహజంగానే నైట్రేట్ ఎక్కువ. 30 నుంచి 45 డిగ్రీల వెచ్చదనంలో కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి; నైట్రైట్ పొగాకులోని నికోటిన్ తదితర ఆల్కలాయిడ్లతో కలిసి నైట్రోసమైన్లను పుట్టిస్తుంది. వీటిలో ఎన్ఎన్ఎన్, ఎన్ఎన్‌కే అనే రెండింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాలుగా, అంటే మొదటి వర్గంలో, చేర్చింది. తొలి ఏడాది నేను పెరుగు తోడుపెట్టే యంత్రంలో ఒక సీసాను రాత్రంతా ఉంచాను. తెల్లవారి నైట్రైట్ పరీక్ష పట్టీ ముంచితే చిక్కటి గులాబీరంగుకు తిరిగింది. సూక్ష్మజీవులను పరీక్షించి జీతం తీసుకొనే మనిషి చేసిన పని అది. ఆ సీసా మొత్తం పారబోశాను. ముద్ద గోరువెచ్చని దశను ఎంత త్వరగా దాటితే అంత మంచిది. కాబట్టి నీళ్లు మరిగించి కలపండి, ఓవెన్‌ను ముందే వేడిచేసి పెట్టుకోండి, సీసా మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి. ఓవెన్ మీది అంకెను నమ్ముకోవద్దు.

అపోహ: ఇంట్లో చేసుకొన్నది కాబట్టి స్వచ్ఛం.

ఆవకాయ విషయంలో ఈ మాట చెల్లుతుందేమో గాని స్నూస్ విషయంలో చెల్లదు. ఇంట్లో మన చేతిలో ఉండేవి ఉప్పు, తడి, ఘాటు, వాసన మాత్రమే. ఆకు మన దగ్గరకు వచ్చేసరికే దానిలో చేరవలసినవన్నీ చేరిపోయి ఉంటాయి. ఉడికించడం వల్ల కొత్త నైట్రైట్ పుట్టకుండా ఆపగలమే తప్ప, అప్పటికే ఆకులో ఉన్న నైట్రోసమైన్లను 80 డిగ్రీల వేడి పోగొట్టదు.

కాబట్టి అసలు నిర్ణయం వంటింట్లో కాదు, ఆకును ఎంచుకొనే చోట జరుగుతుంది. బర్లీ అనే రకం ఆకులో నైట్రేట్ ఎక్కువ, నీడన నెమ్మదిగా ఆరుతుంది, కాబట్టి నైట్రోసమైన్లు కూడా సాధారణంగా ఎక్కువే. ఏ ఆకులోనైనా నడిమి ఈనెలో నైట్రేట్ మెండుగా ఉంటుంది. బరువు కలిసి వస్తుందని ఈనెతో సహా విసరడం మంచి పని కాదు. నేరుగా పొగలో ఆరబెట్టిన ఆకులో బెంజోపైరీన్ వంటి పొగ సంబంధమైన విషాలు అదనంగా చేరతాయి. వర్జీనియా ఆకును ఆరబెట్టే బ్యారన్లలో మంట గొట్టాల్లోనే ఉండి, దాని పొగ ఆకును తాకకపోతే నైట్రోసమైన్లు తగ్గుతాయి. గ్యాస్ మంట నుంచి వచ్చే వాయువులను నేరుగా ఆకు మీదికి వదిలిన బ్యారన్లలో అవి పెరుగుతాయని అమెరికాలో తేలాకనే అక్కడ బ్యారన్లను మార్చారు. మా ఊళ్లో కట్టెలతో కాల్చే పాత బ్యారన్లలో పొగ గొట్టాల గుండా బయటికి పోయేది. అది ఆకు రంగు కోసమని మా నాన్నగారు చెప్పేవారు. ఆయన మాటలో అబద్ధం లేదు గాని, ఆ ఏర్పాటుకు ఇంకో ప్రయోజనం కూడా ఉందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఎన్ఎన్ఎన్ ఎంత ఉందో రంగు చూసి, వాసన పట్టి, రుచి చూసి చెప్పగలిగేవారు ఎవరూ లేరు. దానికి ప్రయోగశాల యంత్రాలు కావాలి. కర్మాగారాలు సరుకును కొలిచి, హద్దు దాటినదాన్ని పక్కనపెడతాయి. మన వంటింట్లో ఆ వసతి లేదు. అందుకే నేను స్నూస్ కోసమే తయారైన పిండిని, పరీక్ష వివరాలు ఇచ్చే అమ్మకందారు దగ్గర మాత్రమే కొంటాను. ఒకసారి ఊరి నుంచి వచ్చిన బంధువు ప్రేమగా ఒక కట్ట నాటు పొగాకు తెచ్చిచ్చారు. వాసన అద్భుతంగా ఉంది. అది నేటికీ అటక మీదే ఉంది.

అపోహ: సోడా ఎంత వేస్తే అంత ఘాటు.

కొంతవరకే నిజం. నికోటిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఆమ్లంతో కట్టుబడి ఉన్నది పెదవి పొర గుండా లోపలికి వెళ్లలేదు, విడిగా ఉన్నది సులభంగా వెళ్తుంది. పొగాకు సహజ పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం) సుమారు 5, 6 మధ్య ఉంటుంది కాబట్టి అందులో విడి నికోటిన్ నామమాత్రమే. సోడా చేసే పని ఆ పీహెచ్‌ను పెంచడం. పీహెచ్ 7 దగ్గర అది దాదాపు 9 శాతం, 8 దగ్గర దాదాపు సగం, 8.5 దగ్గర 75 శాతం, 9 దగ్గర 90 శాతం. లెక్క చూడండి: 7 నుంచి 8కి వెళ్తే ఐదు రెట్లకు మించి పెరిగినది, 8.5 నుంచి 9కి వెళ్తే ఐదో వంతు మాత్రమే పెరుగుతుంది. ఆ పైన వేసే ప్రతి చెంచా సోడా ఘాటుకు కాదు, పెదవిని కాల్చడానికే పనికొస్తుంది. కర్మాగారాల స్నూస్ సాధారణంగా 8, 8.5 మధ్యనే ఆగడానికి కారణం ఇదే. నోరు మండితే సరుకు బలంగా కుదిరిందని మురిసిపోయేవారిని చూశాను. అది బలం కాదు, క్షారపు కాలుడు.

సోడాను ఉడికించడం పూర్తయ్యాక, ముద్ద చల్లారాక, కొద్ది నీళ్లలో కరిగించి కలపాలి. ముందే వేస్తే ముద్ద నల్లబడుతుంది, విడి నికోటిన్ కొంత ఆవిరైపోతుంది, అమ్మోనియా ఇల్లంతా నిండుతుంది. ఎప్పుడు కలిపినా అమ్మోనియా వాసన కొంత వస్తుంది, అది చెడిపోయిందనడానికి గుర్తు కాదు. ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంచితే తగ్గిపోతుంది. వేరే ఫ్రిజ్ కొనకముందు ఆ వారం రోజుల్లో మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

అపోహ: నికోటిన్ త్వరగా ఎక్కాలని స్నూస్‌లో గాజుపొడి కలుపుతారు.

కలపరు. తళతళలాడేవి ఉప్పు, సోడా స్ఫటికాలు. పెదవిని కోయవలసిన పని లేదని పై లెక్కే చెబుతోంది.

అపోహ: ఉప్పు వేశాం కాబట్టి బయట ఉంచినా పాడవదు.

ఆవకాయను నిలబెట్టేది ఉప్పు ఒక్కటే కాదు. మామిడికాయ పులుపు, నూనె, ఆవపిండి కూడా తోడుంటాయి. స్నూస్‌లో పులుపు లేదు, పైగా క్షారం ఉంది, సగం నీరుంది. 80 డిగ్రీల వేడికి బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా చస్తుంది గాని వాటి బీజాలు బతుకుతాయి. ఫ్రిజ్‌లో పెట్టండి, తడి చెంచా ముంచకండి, బూజు కనిపిస్తే పైపొర తీసి వాడుకోవడం కాకుండా మొత్తం పారేయండి.

అపోహ: స్నూస్ సురక్షితమని స్వీడన్ రుజువు చేసింది.

సిగరెట్‌తో పోల్చినప్పుడు ముప్పు చాలా తక్కువ, ఎందుకంటే ఇక్కడ కాలడం లేదు, పొగ లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 'జనరల్' పేరుతో అమ్మే ఎనిమిది రకాల స్నూస్‌కు, సిగరెట్‌కు బదులుగా వాడితే కొన్ని జబ్బుల ముప్పు తగ్గుతుందని చెప్పుకొనే అనుమతి ఇచ్చింది. 'బదులుగా' అన్న మాటను చాలామంది మింగేస్తారు. ఏమీ వాడనివారితో పోలిస్తే స్నూస్ నికోటిన్‌కు బానిసను చేస్తుంది. పెట్టుకొనే చోట పొర తెల్లగా ముడతలు పడుతుంది. పంటి చిగురు వెనక్కి జారితే తిరిగి రాదు. గర్భిణులు వాడితే నెలలు నిండని కాన్పు, మృతశిశువు జననం వంటి ప్రమాదాలు పెరుగుతాయని స్వీడన్ అధ్యయనాలే చూపాయి. పైగా ఈ అధ్యయనాలన్నీ దాదాపు కర్మాగారపు స్నూస్ వాడినవారి మీద జరిగినవి. నా సీసాలోని సరుకుకు ఆ ఫలితాలను అంటగట్టే హక్కు నాకు లేదు.

అపోహ: స్వీడన్‌లో చెల్లితే ఎక్కడైనా చెల్లుతుంది.

ఐరోపా సమాఖ్య నమలకుండా నోట్లో పెట్టుకొనే పొగాకు అమ్మకాన్ని 1992లోనే నిషేధించింది. 1995లో చేరినప్పుడు స్వీడన్ మినహాయింపు తెచ్చుకొంది. ఇక్కడ కూడా ఇంటి అవసరానికి చేసుకోవడం వేరు, స్నేహితులకు అమ్మడం వేరు. అమ్మకానికి అనుమతి ఉండాలి, పన్ను కట్టాలి. భారతదేశంలో ఆహారపదార్థాల్లో పొగాకు, నికోటిన్ ఉండకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధన చెబుతోంది; గుట్కా నిషేధాలకు ఆధారం అదే.

అపోహ: నోట్లో పెట్టుకొనేదాన్ని చేత్తో కలిపితే ఏమవుతుంది?

మంచుకు తడిసిన పొగాకు ఆకును కోసే కూలీలకు వాంతులు, తలతిరుగుడు రావడం మా వైపు తెలియనిది కాదు. తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తుంది. సోడా కలిసిన ముద్దలో ఆ వేగం ఇంకా ఎక్కువ. అందుకే చేతికి రబ్బరు తొడుగులు, పిండి ఎగిరేటప్పుడు ముక్కుకు మాస్కు, విడిగా ఉంచిన గిన్నె, గరిటె తప్పనిసరి. కలిపిన గిన్నెను వంటకు వాడకూడదు. పిల్లలున్న ఇంట్లో సీసాకు తాళం ఉండాలి. చిన్నపిల్లలు ఒక చిటికెడు మింగినా ఆసుపత్రికి పరుగెత్తవలసి రావచ్చు. మా ఇంట్లో ఆ సీసాలకు వేరే చిన్న ఫ్రిజ్ కొన్నాను, దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.