గ్లోబు మీద దారం: శ్రీకాకుళం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి

పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లలో తరచూ వినపడే ప్రశ్న: శ్రీకాకుళం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరం, ఎన్ని గంటల ప్రయాణం? దూరం ఎవరైనా కొలవొచ్చు. గ్లోబూ దారమూ చాలు.

30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు చుట్టుకొలత 94 సెం.మీ. భూమిది 40,000 కి.మీ. అంటే సెంటీమీటరుకి సుమారు 425 కి.మీ. సాగని నూలుదారం ఒక కొసని శ్రీకాకుళం మీద బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొసని శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బిగించి లాగండి. దారం జారి జారి తనంతట తనే ఒకచోట నిలుస్తుంది. అదే మహావృత్తం (భూగోళాన్ని సరిగ్గా సగానికి కోసే వృత్తం) మీది దారి, అన్నిటికన్నా దగ్గరది. పొడవు 31 సెం.మీ., అంటే 13,200 కి.మీ. ఇరుసుని పట్టుకున్న ఇనప వంపుకి దారం తగిలితే కొలత తప్పుతుంది, అది అడ్డురాకుండా గ్లోబు తిప్పుకోండి.

ఇప్పుడు దారం పోయే చోట్లు చూడండి. చైనా, సైబీరియా, ఆపైన ఆర్కిటిక్ వలయం దాటి 67 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైకి ఎక్కి, బేరింగ్ జలసంధి మీదుగా అలాస్కాలోకి దిగుతుంది! పసిఫిక్ నడుమ ఉండేలా గీసిన గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే గీత పసిఫిక్ మీదుగా పోతుంది. ఆ గీత పోయే చోట్ల వెంబడే గ్లోబు మీద దారం పరిస్తే 35.5 సెం.మీ. పడుతుంది. దాదాపు 1,900 కి.మీ. ఎక్కువ. మన బళ్లలో మ్యాపు గోడకి, గ్లోబు బీరువాలోకి పోతాయి. గ్లోబు పిల్లల చేతికి రావాలి.

వారశూల (ఏ వారం ఏ దిక్కుకి వెళ్లకూడదో) చూసి బయల్దేరే పెద్దలు అమెరికా ఏ దిక్కని అడుగుతారు. ఈ దారం శ్రీకాకుళంలో ఉత్తరానికి 24 డిగ్రీలు తూర్పుగా మొదలై, నడుమ నేరుగా తూర్పుకి తిరిగి, చివర ఆగ్నేయంగా దక్షిణానికి దిగుతుంది. ఒక్క ప్రయాణానికి ఒక్క దిక్కు లేదు.

గంటల సంగతి గాలి తేలుస్తుంది. పెద్ద జెట్ గాలిలో గంటకి 900 కి.మీ. పోతుంది. 10 కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ వెనకనుంచి 100 కి.మీ. తోస్తే 13,200 కి.మీ. 13 గంటల చిల్లర, ఎదురొస్తే పదహారున్నర. ఎక్కడం, దిగడం, నేలమీద దొర్లడం వేరే.

అందుకే పొడవైన దారే ఒక్కోసారి త్వరగా చేరుస్తుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం 12,400 కి.మీ. చూపిస్తుంది. పైన చెప్పినంత ఎదురుగాలి తగిలితే దానికే పదిహేనున్నర గంటలు. ఎయిరిండియా 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా 15,300 కి.మీ. నడిపి పద్నాలుగున్నర గంటల్లో దించింది. సగటు వేగం 1,055 కి.మీ.! ఆ అదనపు 155 గాలి ఇచ్చిందే.

మనవాళ్లు చాలామంది దుబాయి మీదుగా వెళ్తారు. హైదరాబాద్ నుంచి దుబాయి 2,500 కి.మీ. పడమటికి పోయాక, అక్కడినుంచి శాన్‌ఫ్రాన్సిస్కో మళ్లీ 13,000. శ్రీకాకుళం నుంచి ఉన్నంత దూరమూ దాదాపు ఇంకా మిగిలే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలోనూ తూర్పుకే సాగితే గాలి వెన్నంటే ఉంటుంది. 2017లో అందరూ మహిళలే ఉన్న ఎయిరిండియా సిబ్బంది పసిఫిక్ మీదుగా వెళ్లి, అట్లాంటిక్ మీదుగా ఢిల్లీ చేరి, భూమిని ఒక చుట్టు చుట్టారు.